వదిన గోడలో వేడి

నవంబర్ 18, సోమవారం

కొత్త డైరీ. కొత్త పెన్ను. కొత్త తీర్మానం!

ఇక మీదట వదిన గడప తొక్కను.

కింద రెండు గీతలు గీశాను. రెండోది కాగితం చిరిగేంత గట్టిగా పడింది.

కారణం రాసి పెట్టుకోవాలి. లేకపోతే వారం తిరిగేసరికి కోపం చప్పబడిపోతుంది. వదిన అంటే మా ఆయనకు అక్క. సరిగ్గా మా నెత్తి మీద, మూడో అంతస్తులో ఉంటుంది. కోర్టులో స్టెనోగ్రాఫర్. ఎవరు ఎప్పుడు ఏమన్నారో అక్షరం పొల్లుపోకుండా గుర్తుంటుంది. శనివారం మా డిపార్ట్‌మెంట్ హెడ్‌ను భోజనానికి పిలిచాం. ఆయన ముందు వదిన అంది కదా: "మా మరదలు కాలేజీలో వేడి ఎటు పోతుందో పాఠాలు చెబుతుందండీ. ఇంట్లో మాత్రం కాఫీ వంటింట్లోంచి హాల్లోకి వచ్చేసరికే చల్లారిపోతుంది."

హెడ్ నవ్వారు. మామూలుగా కాదు. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నవ్వారు.

మా ఆయన పళ్ల డాక్టరు. రోజంతా అందరినీ నోరు తెరవమంటారు. అక్క ముందు మాత్రం తాను తెరవరు.

ఇక రెండో సంగతి. మా భవనానికి డాబా మీద బాయిలర్ ఉంది. వేడినీళ్లు ఒకే పైపులో, బాత్రూం గోడల్లోంచి కిందికి దిగుతాయి. నెల రోజులుగా మాకు, మా కింద వాళ్లకు గోరువెచ్చగానే వస్తున్నాయి. ఈ చలిలో! నాలుగో అంతస్తుకు మాత్రం పొగలు కక్కుతూ వస్తాయి. వదిన కూడా "మాకూ వేడిగానే వస్తున్నాయి" అంటుంది. అందులో విశేషం లేదు, వాళ్ల కుళాయి పైపులోంచి పైకప్పు దగ్గరే చీలుతుంది. కాబట్టి దొంగ ఆ చీలిక కింద, వదిన గోడలోనే నక్కి ఉండాలి. పైపుకు చుట్టిన తొడుగు ఊడిపోయి, వేడంతా గోడ తాగేస్తోందన్నమాట.

నిన్న మీటింగులో సెక్రటరీ గారు "గోడ కొట్టేద్దాం" అన్నారు. గోడ కొట్టడమంటే ఆ మనిషికి ప్రాణం లేచి వస్తుంది. నేను లేచి నిలబడ్డాను. "కొట్టకుండానే చెబుతాను. ముప్పయ్యో తారీఖు దాకా ఆగండి."

చప్పట్లు! (ఇద్దరు. ఒకరు అత్తయ్య.)

నవంబర్ 19, మంగళవారం

శుభారంభం. నాలుగు సెన్సర్లు కాలేజీ నుంచి తెచ్చాను. అంకెలు నా లాప్‌టాప్‌లో పడతాయి.

బాయిలర్ దగ్గర: ఒకటి.
నాలుగో అంతస్తు వాళ్ల బాత్రూంలో, నేల దగ్గర మూత తీసి పైపుకు అంటించినది: ఒకటి.
మా బాత్రూంలో, అలాంటి మూత కిందే: ఒకటి.
వదిన బాత్రూంలో: లేదు. అక్కర్లేదు!
మిగిలినది: సొరుగులో.

పైపు ఎంత వేడి పోగొట్టుకుంటోందో తెలిస్తే, నీళ్లు ఎంత చల్లబడతాయో ఎవరైనా చెబుతారు. అది సూటి లెక్క. నాది విలోమ పద్ధతి. నీళ్లు ఎంత చల్లబడ్డాయో కొలిచి, గోడ లోపల ఏం జరిగిందో వెనక్కి రాబట్టడం. ముందు ఒక ఊహ. ఆ ఊహతో లెక్క. లెక్కకూ కొలతకూ ఎంత తేడా వచ్చిందో చూసి ఊహను దిద్దుకోవడం. మళ్లీ లెక్క. తేడా అణిగేదాకా ఇదే పని. పదకొండేళ్లుగా నేను చేస్తున్నదీ ఇదే.

మా ఆయనకు చెప్పాను.

"అంటే పన్ను పీక్కుండా ఎక్స్‌రే తీసినట్టా?"

"అచ్చంగా!"

"మరి అక్కని అడిగి ఒక సెన్సరు అక్కడ పెట్టుకుంటే అయిపోదూ?"

డాక్టర్లతో ఇదే చిక్కు. కష్టపడకుండా పని అయిపోవాలి.

నవంబర్ 20, బుధవారం

పొద్దున్నే హ్యాండ్ షవర్ పట్టుకుని వణుకుతూ నిలబడ్డాను. చన్నీళ్లకు అన్న, వేడినీళ్లకు తమ్ముడు. అయినా మనసులో ఉత్సాహమే ఉత్సాహం.

కాలేజీలో రెండు క్లాసుల మధ్య లెక్క నడిపించాను. కంప్యూటర్ ఊహించింది, దిద్దుకుంది, ఊహించింది, దిద్దుకుంది. మా గోడ సంగతి నాకు తెలుసు కాబట్టి అక్కడ తెలియనిదేమీ పెట్టలేదు. తెలియనిదంతా వదిన గోడలోనే పెట్టాను.

జవాబు వచ్చింది! వేడి పోయేది వదిన గోడలోనే!

వదిన గడప తొక్కి ఇవాళ్టికి అయిదో రోజు. శరీరం తేలికగా ఉంది.

నవంబర్ 21, గురువారం

చిన్న ఇబ్బంది.

జవాబును ఇవాళ నింపాదిగా చూశాను. అందులో ఉన్నంత వేడి నిజంగా ఆ గోడలోకి పోతుంటే, వదిన ఆ గోడ మీద గుడ్డు పగలగొట్టి ఆమ్లెట్ వేసుకోవచ్చు.

మా సెన్సరు టేపు కొంచెం ఊడింది. మళ్లీ అంటించి లెక్క నడిపించాను. ఈసారి వదిన గోడ మా నీళ్లను వేడి చేస్తోందట! అర డిగ్రీ తేడాకు జవాబు తలకిందులైపోయింది.

విలోమ లెక్కల జాతకమే అంత. కొలతలో ఆవగింజంత తప్పుంటే జవాబులో గుమ్మడికాయంత అవుతుంది. పిల్లలకు ఏటా చెబుతాను. చెప్పడం వేరు, గుమ్మడికాయ మన నెత్తిన పడటం వేరు.

అత్తయ్య పగలు కూతురింట్లో, రాత్రి మా ఇంట్లో ఉంటుంది. ముప్పయ్యేళ్లు టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో లైన్లు కలిపిన మనిషి. సాయంత్రం దిగి వచ్చి, "మీ వదిన నిన్ను అడిగిందమ్మా" అంది.

"ఏమని?"

"'బతికే ఉందా' అని."

"మీరేమన్నారు?"

"లైన్ బిజీగా ఉందన్నాను."

నవంబర్ 22, శుక్రవారం

పగ్గం వేశాను.

గెంతే జవాబుకు షరతు పెడతాం: "పక్కపక్క అంకెలు ఒకదాన్నొకటి చూసుకుని నడవాలి, ఇష్టమొచ్చినట్టు ఎగరకూడదు" అని. పగ్గం మరీ బిగిస్తే జవాబు చచ్చుబడిపోతుంది, వదిలేస్తే మళ్లీ ఆమ్లెట్. మధ్యలో ఎక్కడో పట్టుకోవాలి.

పట్టుకున్నాను. గ్రాఫులో ఎంత చక్కని వంపు! తొడుగు ఊడిన పైపులాగే ఉంది.

మా ఆయన నా భుజం మీంచి చూసి, "అంటే నీకు నచ్చే జవాబు వచ్చేదాకా బిగిస్తావా?" అన్నారు.

ఆయనతో మాట్లాడటం మానేశాను. (ఇది వేరే తీర్మానం. భోజనాల వరకే.)

నవంబర్ 23, శనివారం

లిఫ్టులో సెక్రటరీ గారు తగిలారు. "ఏమైనా తేలిందా మేడమ్?"

ముప్పయ్యో తారీఖు దాకా ఆగమన్నది నేనే. నోరు మూసుకుని ఆగాల్సిందీ నేనే. కానీ ఆ వంపు అంత అందంగా ఉంది మరి! "మూడో అంతస్తు గోడేనండీ. లెక్క తేల్చేసింది" అన్నాను.

ఆయన ముఖం పెళ్లికొడుకు ముఖంలా వెలిగిపోయింది. "వచ్చే శనివారం పొద్దున్నే మనుషుల్ని పిలిపిస్తా. పైనుంచి కిందిదాకా కొట్టించేద్దాం!"

లిఫ్టు దిగాక ఆ వంపును మళ్లీ ఒకసారి తీసి చూశాను. అందంగానే ఉంది.

నవంబర్ 24, ఆదివారం

సెలవు. ఇవాళ వేడినీళ్లు వచ్చాయి! పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా, పొగలు కక్కుతూ!

తొడుగు ఊడిన గోడకు ఆదివారం సెలవా?

దీని గురించి రేపు ఆలోచిస్తాను.

నవంబర్ 25, సోమవారం

ఆలోచించాను. నచ్చలేదు.

లెక్క సరిగ్గా కుదిరితే, లెక్కకూ కొలతకూ మిగిలే తేడా ఇసుక చల్లినట్టు చెల్లాచెదురుగా ఉండాలి. నాకు మిగిలిన తేడాకు ఆకారం ఉంది. ఆదివారం దగ్గర పెద్ద గుట్ట. ఆకారం ఉందంటే లెక్కలో నేను పెట్టని విషయం ఏదో ఉందన్నమాట. నా విద్యార్థి ఎవరైనా ఇలాంటి వంపు తెస్తే తిప్పి పంపేదాన్ని.

అత్తయ్య ఇవాళ మామూలుగా దిగి రాలేదు. వచ్చి కుర్చీలో కూర్చుని, చాలాసేపు చీర చెంగు మడత పెట్టుకుంది.

"గోడ కొడతారటగా."

"అవునత్తయ్యా."

"ఆ నీలం టైల్స్ మీ అన్నయ్యగారు ఏరి ఏరి తెచ్చినవమ్మా. ఆయన చేత్తో ఆ ఇంటికి చేసిన ఆఖరి పని అదే. ఇప్పుడా రంగు ఎక్కడా దొరకదట."

అన్నయ్యగారు, అంటే వదిన భర్త, పోయి రెండేళ్లు. ఆ టైల్స్ సంగతి నాకు తెలుసు. తెలిసే మరిచిపోయాను.

"మీ వదిన ఏమందత్తయ్యా?"

"ఏమీ అనలేదు. అదే నాకు భయంగా ఉంది."

మా ఇద్దరి మాటలూ దిద్ది చేరవేసే అత్తయ్య, ఆ మాట మాత్రం దిద్దకుండా చెప్పిందని నాకు తెలుస్తూనే ఉంది.

నవంబర్ 26, మంగళవారం

తీర్మానం తీర్మానమే. కానీ వదిన బాత్రూంలో, నేల దగ్గరి మూత కింద ఒక్క కొలత దొరికితే చాలు, అంతా తేలిపోతుంది. గడప తొక్కేది నేను కాకపోతే తీర్మానానికి భంగం లేదు.

సొరుగులోని సెన్సరు అత్తయ్యకు ఇచ్చాను. ఎలా అంటించాలో గరిటె మీద చేసి చూపించాను. "ఈ మాత్రం నాకు తెలియదా?" అంది.

సాయంత్రం అంకెలు చూశాను. ఉదయం నుంచి ఒకే అంకె. పదహారు డిగ్రీలు. వేడినీళ్ల పైపు!

"అత్తయ్యా, ఎక్కడ అంటించారు?"

"ఆ మూత గట్టిగా ఉందమ్మా, రాలేదు. అందుకని పక్కనున్న బకెట్‌కి అంటించాను. నీళ్లు నీళ్లేగా!"

నవంబర్ 27, బుధవారం

వదిన గడప తొక్కలేదు. బయట నిలబడ్డాను.

వదిన తలుపు తీసింది. కొంచెం చిక్కినట్టు కనిపించింది. లేక గుమ్మంలో వెలుతురు అలా పడిందేమో.

"లోపలికి రావా?"

"ఫరవాలేదు వదినా. ఇక్కడే బావుంది."

"అవునవును. మెట్ల మీద గాలి బావుంటుంది."

"ఆ మూత కింద ఒక్కసారి కొలవాలండీ."

"దేనికమ్మా? ఇరవై మూడో తారీఖు, లిఫ్టులో, 'మూడో అంతస్తు గోడేనండీ, లెక్క తేల్చేసింది' అన్నావటగా. తేలిపోయినదాన్ని మళ్లీ కొలవడమెందుకు?"

అక్షరం పొల్లుపోలేదు. 'అండీ' కూడా వదల్లేదు.

"ఆ లెక్క మీద నాకే అనుమానంగా ఉంది వదినా."

వదిన తలుపు మీద చెయ్యి వేసింది. "అనుమానం ముందొచ్చి, మాట తర్వాత రావాలమ్మా" అని తలుపు వేసేసింది. విసురుగా కాదు, నెమ్మదిగా. విసురుగా వేసినా బావుండేది.

తీర్మానం నిలబడింది. నాకే నిలబడాలనిపించలేదు.

నవంబర్ 28, గురువారం

గడప తొక్కలేదు. దాటాను. తేడా ఉంది!

కాలేజీకి సెలవు పెట్టాను. వదిన కోర్టుకు బయల్దేరే వేళకు వెళ్లి, తలుపు తీయగానే ఒక్క అంగలో లోపలికి దూకాను. వదిన జడుసుకుంది.

"ఏంటమ్మా, కుక్క తరిమిందా?"

"రెండు నిమిషాలు వదినా. తిట్టాలంటే తర్వాత తిట్టండి."

బాత్రూంలోకి వెళ్లాను. నీలం టైల్స్. ఒక్కోదాని అంచున సన్నటి తెల్లగీత. ఆ గీతలు గోడ పొడవునా ఎక్కడా తప్పకుండా కలిసేలా పేర్చి ఉన్నాయి. అన్నయ్యగారు పనివాళ్ల పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, గీత తప్పినప్పుడల్లా తీయించారని అప్పట్లో మేమంతా నవ్వుకున్నాం.

మోకాళ్ల మీద కూర్చుని చెంచాతో మూత తీశాను. వదిన టార్చి పట్టుకుంది. సెన్సరు అంటించాను. అంకె ఎక్కుతూ ఎక్కుతూ వెళ్లి ఆగింది.

యాభై ఒకటి!

నాలుగో అంతస్తులో ఎంతో, ఇక్కడా అంతే. కింద మా బాత్రూంలో ముప్పయ్యెనిమిది. వదిన గోడ చుక్క వేడి కూడా దొంగిలించలేదు.

"ఏమైంది?" అంది వదిన.

"మీ గోడ నిర్దోషి వదినా."

"సాక్ష్యం ఉందా?"

అంకె చూపించాను. వదిన టార్చి ఆర్పింది. మళ్లీ వెలిగించింది. గోడ మీదికి ఒకసారి వేసి, కిందికి దించింది. "అయితే దొంగ మీ ఇంట్లో ఉన్నాడు. పద" అంది.

మా గుమ్మం దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

"రండి వదినా."

"నీ గడప తొక్కకూడదని ఒట్టు పెట్టుకున్నానే."

"మీరు కూడానా!"

"ఏం? పౌరుషం నీ ఒక్కదానికే ఉందా?" అని చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని ఒక్క దూకు దూకింది. యాభై ఆరేళ్ల మనిషి!

మా బాత్రూంలో మూత దగ్గరికి వంగబోతే, గోడకు వేలాడుతున్న హ్యాండ్ షవర్ నుంచి వదిన చీర మీద బొట్టుబొట్టుగా నీళ్లు కారుతున్నాయి. కోర్టుకు కట్టుకున్న చీర. అందుకని చేయి చాపి రెండు కుళాయిలూ కట్టేశాను. ఒకటి వేడి, ఒకటి చన్నీళ్లు.

లాప్‌టాప్‌లో అంకె కదిలింది. ముప్పయ్యెనిమిది. నలభై. నలభై నాలుగు.

ఇద్దరం దాని మీదికి వంగాం. నలభై తొమ్మిది దగ్గర వదిన అంది: "నువ్వేం చేశావిప్పుడు?"

"కుళాయిలు కట్టేశాను."

"మరి ఇందాకటిదాకా?"

షవర్ వైపు చూశాను. ఆ హ్యాండ్ షవర్‌ను మా ఆయన నెల కిందట బిగించారు. దాని పిడికే మీట ఉంటుంది. మీట వదిలితే నీళ్లు ఆగిపోతాయి. అందుకని నేను కుళాయిలు కట్టడం మానేశాను. టైము కలిసొస్తుందని! షవర్ మూసుకుని, వెనక రెండు కుళాయిలూ బార్లా తెరిచి ఉంటే, ఒత్తిడి ఎక్కువున్న చన్నీళ్లు ఏం చేస్తాయి? వేడినీళ్ల పైపులోకి దూరతాయి. మాకూ, మా కిందివాళ్లందరికీ గోరువెచ్చటి తీర్థం!

ఆదివారం? ఆదివారం మా ఆయన బాత్రూం కడుగుతారు. కడిగేటప్పుడు కుళాయిలు కట్టేస్తారు.

లెక్క తప్పు చేయలేదు. అడిగినదానికే జవాబు చెప్పింది. "పోయేదంతా వదిన గోడలోనే పోతోందనుకో, ఎంత పోతోంది?" అని అడిగాను, చెప్పింది. "మా ఇంట్లో ఏమైనా తప్పుందా?" అని నేను అడగనే లేదు.

వదిన స్టూలు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వింది. హెడ్ కన్నా ఎక్కువసేపు. నాకు కోపం రాలేదు. ఎందుకు రాలేదో తెలియదు.

నవ్వు ఆగాక, చీర కొంగు పిండుకుంటూ అంది: "ఆ రోజు మీ హెడ్ ముందు అలా అనకుండా ఉండాల్సిందే. పొద్దున్నుంచి కోర్టులో అందరి మాటలూ రాస్తాను, నా మాట ఒక్కటీ ఉండదు. ఇంటికొస్తే గోడలే. నేను నోరు విప్పేది మీ ఇంట్లోనేనే. విప్పితే ఆగదు."

"నేను మాత్రం? ఆ లిఫ్టులో..."

"ఇరవై మూడో తారీఖు."

"సరే వదినా."

నవంబర్ 30, శనివారం

సెక్రటరీ గారు పొద్దున్నే సుత్తులు, ఉలులతో ముగ్గురు మనుషుల్ని వెంటేసుకుని వచ్చేశారు. ఎక్కడ కొట్టాలో గీయడానికి సుద్దముక్క కూడా తెచ్చుకున్నారు.

వదిన గుమ్మానికి అడ్డంగా నిలబడింది. నేను పక్కన. నిజం చెప్పేద్దామని రాత్రే నిశ్చయించుకున్నాను.

"సెక్రటరీ గారూ, అసలు సంగతేమిటంటే, మా ఇంట్లో కుళాయి..."

వదిన నా కాలు తొక్కింది. గట్టిగా.

"మా మరదలు లెక్క పూర్తయిందండీ. గోడ కొట్టక్కర్లేదు. రెండు రోజుల్నుంచి అందరికీ వేడినీళ్లు వస్తున్నాయి, చూసుకోండి."

"వస్తున్నాయి, నిజమే. మరి తప్పెక్కడ?"

"అది టెక్నికల్" అంది వదిన.

సెక్రటరీ గారి ముఖం పాలిపోయింది. సుత్తులవైపు చూశారు, గోడవైపు చూశారు. "పోనీ, ఒక్క టైల్ తీసి చూద్దామా? ఊరికే, తృప్తి కోసం?"

వదిన ఆయనవైపు చూసిన చూపును ఏ స్టెనోగ్రాఫరూ రాయలేరు. నలుగురూ మెట్లు దిగి వెళ్లిపోయారు.

"నిజం చెప్పనివ్వొచ్చుగా" అన్నాను కాలు రుద్దుకుంటూ.

"చెబితే సెక్రటరీ మీ గోడ కొట్టేవాడు" అంది.

డిసెంబర్ 1, ఆదివారం

ఇది మాత్రం భరించలేను!

నిన్న మధ్యాహ్నం నుంచి వదిన భవనమంతా తిరిగి, "మా మరదలు ముట్టుకోకుండానే లోపలున్నది చెప్పేస్తుంది" అని ప్రచారం చేసింది. పొద్దున లేచి తలుపు తీస్తే బారు! నాలుగో అంతస్తు ఆవిడ ఫ్రిజ్ చల్లబడటం లేదట. కింది ఫ్లాట్ పెద్దాయన కారు వేడెక్కుతోందట. ఇంకో ఆయన తన మోకాలు చూపించాడు. రాత్రిళ్లు అందులోంచి వేడి వస్తుందట! మా ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని లోపలికి పారిపోయారు.

బారులో ఆఖరున సెక్రటరీ గారు. సమస్య ఏమీ లేదట. "ఎక్కడైనా అనుమానం ఉన్న గోడ ఉంటే చెప్పండి మేడమ్" అన్నారు.

సరాసరి పైకి వెళ్లాను. "ఇదేం పని వదినా! ఇక జన్మలో మీ గడప తొక్కను!"

"మంచిది" అంది వదిన.

కాబట్టి, తీర్మానం. ఈసారి గట్టిది. షరతులతో:

వదిన గడప తొక్కను.
దూకను కూడా.
అత్తయ్యను పంపను.

అమలు ఎప్పటినుంచి అన్నది రాయబోతుంటే (రాస్తున్నది వదిన హాల్లోనే కూర్చుని) వదిన వంటింట్లోంచి కేకేసింది: "అదేదో తొందరగా రాసేసి రావే! కంచాలు పెట్టేశాను. నీ మొగుడు, మా అమ్మ కూర్చున్నారు కూడా."

అమలు: భోజనం అయ్యాక.

వదిన ఇంట్లో వడ్డించేది కొంచెం ఎక్కువే. భోజనం ఎప్పటికి అవుతుందో చెప్పలేను.